‘నిన్నటి ఇడ్లీ’ సంతకం పెట్టినా కెర్నెల్ తలుపు తీసింది

శీతాకాలం సెలవులు. టార్నీట్‌లో ఆ రెండు వారాలు పిల్లలు బయటికి వెళ్లేది తక్కువ, ఇక్కడి గాలి అలాంటిది. ఒక సాయంత్రం పప్పుకి తిరగమోత పెడుతుంటే మా అబ్బాయి వంటింట్లోకి వచ్చి, ‘‘అమ్మా, బయోస్ పాస్‌వర్డ్ ఒకసారి చెప్పవా? రెండు నిమిషాల పని’’ అన్నాడు. వాడికి పదిహేనేళ్లు. ఈ వయసు పిల్లలు రెండు నిమిషాల పని అన్నారంటే అనుమానించాల్సిందే.

ఎందుకురా అని అడిగితే మెల్లగా బయటపెట్టాడు. ఏదో ఆటకి చిన్న ‘టూల్’ కావాలట. అది పనిచేయాలంటే ముందు సెక్యూర్ బూట్ ఆపాలి. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా ఒక కమాండ్ కొట్టి టెస్ట్ సైనింగ్ ఆన్ చేయాలి. రీస్టార్ట్ చేయాలి. ‘‘అందరూ చేస్తున్నారమ్మా. స్క్రీన్ మూల చిన్న అక్షరాలు వస్తాయి, అంతే. వేరే తేడా ఏమీ ఉండదు’’ అని భరోసా కూడా ఇచ్చాడు.

వాడు ఆడుకునే కంప్యూటర్‌లోనే మావారి టాక్స్ కాగితాలున్నాయి. మా అమ్మానాన్నల వీసా దరఖాస్తు కోసం స్కాన్ చేసిన పాస్‌పోర్టులున్నాయి. అత్తయ్యగారి పెన్షన్ పడే బ్యాంకు ఖాతాలోకి ఇక్కడి నుంచి లాగిన్ అయ్యేది కూడా అందులోంచే. మన ఇళ్లలో చాలామందికి ఇదే పరిస్థితి, ఇంటికి ఒక మంచి కంప్యూటర్, దాని మీదే అన్నీ.

వద్దన్నాను. ‘‘ఎందుకు?’’ అన్నాడు.

నేను చాలా ఏళ్లుగా నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తున్నాను. అయినా వాడికి సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ‘వైరస్ వస్తుంది’ అనేది పదిహేనేళ్లవాడి దగ్గర చెల్లే మాట కాదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. సెలవులు అయ్యేలోపు నేనే ఒక కెర్నెల్ డ్రైవర్ రాసి, నేనే దానికి సంతకం పెట్టి, మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించి చూపిస్తాను. అది చూశాక కూడా పాస్‌వర్డ్ కావాలంటే మాట్లాడుకుందాం. ఆ కథే ఇది. ఐటీలో ఉన్నవాళ్లకి కొంచెం లోతుగా, లేనివాళ్లకి అర్థమయ్యేంత తేలిగ్గా రాయడానికి ప్రయత్నిస్తాను. ఎక్కడైనా మరీ సాంకేతికం అనిపిస్తే ఆ పేరా దాటేయండి, నష్టం లేదు.

మనం వాడే బ్రౌజర్, వర్డ్, ఆటలు యూజర్ మోడ్‌లో నడుస్తాయి. ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో గది అనుకోండి. ఒక గదిలో నిప్పంటుకుంటే ఆ గదే కాలుతుంది. బ్రౌజర్ కూలిపోతే బ్రౌజరే మూసుకుంటుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. కెర్నెల్‌లో గదుల్లేవు, ఒకటే హాలు. డిస్కు, కీబోర్డు, మెమరీ, నెట్‌వర్క్, అన్ని తాళంచెవులూ ఆ హాల్లో గోడకి వేలాడుతుంటాయి. డ్రైవర్ అంటే ఆ హాల్లోకి మనం పిలిచి కూర్చోబెట్టే మనిషి. అతను మంచివాడైనా చేయి తగిలి దీపం పడేస్తే ఇల్లంతా అంటుకుంటుంది. నీలం స్క్రీన్ అంటే అదే. చెడ్డవాడైతే చెప్పేదేముంది, తాళాలన్నీ అతని చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి.

ఏ డ్రైవర్ రాయాలి? వాడి కళ్లకి కనబడే పని చేసేది కావాలి కాబట్టి నెట్‌వర్క్ ఫిల్టర్ ఎంచుకున్నాను. ఏ ప్రోగ్రామ్ ఏ చిరునామాకి మాట్లాడబోతోందో చూసి, రాసి పెట్టుకుని, అవసరమైతే ఆపేది. దీనికి విండోస్‌లో ‘విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫాం’ అనే ఏర్పాటు విస్టా కాలం నుంచి ఉంది. ఒక ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌కి బయలుదేరినప్పుడు ఆ ప్రయాణం పొడవునా కొన్ని చెక్‌పోస్టులుంటాయి. వాటిని లేయర్లు అంటారు. ఒక్కో లేయర్ దగ్గర మనం ఫిల్టర్లు పెట్టుకోవచ్చు. ‘ఈ పోర్టుకి వెళ్తుంటే పోనీ’, ‘ఈ ప్రోగ్రామ్ అయితే ఆపు’, ఇలా. మూడో రకం జవాబు ఒకటుంది. ‘నాకు తెలీదు, ఆ పెద్దమనిషిని అడుగు’ అనడం. ఆ పెద్దమనిషే కాలౌట్, అంటే మన డ్రైవర్‌లో ఉండే ఫంక్షన్.

ఇక్కడే ఒక నిజం చెప్పేయాలి. ఇంట్లో ఒక ప్రోగ్రామ్‌నో, ఒక చిరునామానో ఆపడానికి కెర్నెల్ డ్రైవర్ అక్కర్లేదు. విండోస్ ఫైర్‌వాల్ ఈ ప్లాట్‌ఫాం మీదే నడుస్తుంది. మామూలు నియమాలన్నీ యూజర్ మోడ్ నుంచే పెట్టుకోవచ్చు. ప్యాకెట్ లోపలికి తొంగి చూడాలన్నా, దాన్ని మార్చాలన్నా, కనెక్షన్‌ని కాసేపు నిలబెట్టి మన సొంత లెక్కతో తేల్చాలన్నా అప్పుడు కాలౌట్ కావాలి. పిల్లల మీద నిఘా కోసం డ్రైవర్ రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. రౌటర్ సెట్టింగులూ, కూర్చోబెట్టి మాట్లాడటమూ చాలు. నేను రాసింది పాఠం కోసం.

రస్ట్‌లో ఎందుకు? సీలో రాస్తే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన నమూనాలున్నాయి, రెండు రాత్రుల్లో అయిపోయేది. కానీ ఆ హాల్లో కూర్చునే మనిషి చేతులు తగలకుండా మసలుకోవాలి కదా. తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పుల వల్లేనని మైక్రోసాఫ్ట్ భద్రతా విభాగం 2019లో చెప్పింది. ఉన్న హద్దు దాటి చదవడం, వదిలేసిన మెమరీని మళ్లీ తాకడం, ఇలాంటివి. రస్ట్ కంపైలర్ వీటిలో చాలావాటిని ప్రోగ్రామ్ తయారవకముందే పట్టేస్తుంది. విండోస్ 11 కెర్నెల్‌లో ఇప్పటికే కొన్ని భాగాలు రస్ట్‌లో ఉన్నాయి. బయటివాళ్లు డ్రైవర్లు రాసుకోవడానికి మైక్రోసాఫ్ట్ 2023లో ‘విండోస్ డ్రైవర్స్ ఆర్ఎస్’ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు బయటపెట్టింది. అది తొలి దశలోనే ఉందనీ, అసలు ఉత్పత్తుల్లో వాడొద్దనీ వాళ్లే రాసుకున్నారు. పాత ల్యాప్‌టాప్‌కి ఆ అభ్యంతరం లేదు.

2024 జులై 19 మనందరికీ గుర్తే. శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలు దాటాక మెల్‌బోర్న్ విమానాశ్రయంలో చెకిన్ క్యూలు, సూపర్‌మార్కెట్లలో మొరాయించిన బిల్లు యంత్రాలు, టీవీ ఛానెళ్లలో నీలం స్క్రీన్లు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. లోపం వినడానికి చాలా చిన్నది. వాళ్ల కెర్నెల్ డ్రైవర్ దగ్గర 20 విలువలున్నాయి. కొత్త ఫైలు 21వ దాన్ని చదవమంది. లేని గడిలో చెయ్యి పెట్టింది.

అది రస్ట్‌లో రాసి ఉంటే ఆగేదా? ఇదే ప్రశ్న మావాడూ అడిగాడు. జవాబు అంత తీపిగా ఉండదు. రస్ట్‌లో లేని గడిని సూటిగా చదవబోతే ప్రోగ్రామ్ ‘పానిక్’ అవుతుంది. యూజర్ మోడ్‌లో అయితే ఆ ప్రోగ్రామ్ చస్తుంది. కెర్నెల్‌లో పానిక్ అయితే యంత్రాన్నే ఆపేయడం తప్ప మంచి దారి లేదు, అంటే మళ్లీ నీలం స్క్రీనే. 2025లో చెక్ పాయింట్ పరిశోధకులు విండోస్‌లోని రస్ట్ కెర్నెల్ భాగంలో సరిగ్గా ఇలాంటి లోపమే పట్టుకున్నారు. హద్దు తనిఖీ పనిచేసింది, ఎవరూ లోపలికి చొరబడలేకపోయారు, కానీ యంత్రం పడిపోయింది. రస్ట్ ఇచ్చే అసలు మేలు వేరే చోట ఉంది. ‘ఆ గడి ఉంటే ఇవ్వు, లేకపోతే లేదని చెప్పు’ అని అడిగే పద్ధతి భాషలోనే ఉంది. అలా అడిగినప్పుడు ‘లేదు’ అనే జవాబుకి ఏం చేస్తావో రాయకుండా కంపైలర్ వదలదు. ఆ పద్ధతిలో అడగాలన్న బుద్ధి మాత్రం రాసేవాళ్లకే ఉండాలి.

ఇక పని. సీ ప్లస్ ప్లస్ బిల్డ్ టూల్స్, విండోస్ డ్రైవర్ కిట్, ఎల్ఎల్‌వీఎం, రస్ట్, ఈ నాలుగూ ఎక్కించడానికి ఒక రాత్రి పట్టింది. ఎల్ఎల్‌వీఎం ఎందుకంటే విండోస్ డ్రైవర్ ఫంక్షన్లన్నీ సీ హెడర్ ఫైళ్లలో ఉంటాయి, వాటిని చదివి రస్ట్‌కి అర్థమయ్యేలా మార్చే బైండ్‌జెన్ అనే సాధనం దాని మీదే నడుస్తుంది. కెర్నెల్‌లో రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీ ఉండదు. మెమరీ ఇచ్చేవాడూ, పానిక్ చూసుకునేవాడూ మనమే తెచ్చుకోవాలి. మెమరీకి ఆ ప్రాజెక్టులోని క్రేట్ వాడుకున్నాను. పానిక్‌కి మాత్రం యంత్రాన్ని వెంటనే ఆపేసే నాలుగు లైన్లు నేనే రాశాను. తప్పు జరిగాక కెర్నెల్ నడుస్తూ ఉండటం కన్నా ఆగిపోవడం మేలు.

నెట్‌వర్క్ ఫిల్టర్ హెడర్ల దగ్గర కొంచెం తిప్పలు పడ్డాను. డ్రైవర్లకి సాధారణంగా అవసరమయ్యేవి సిద్ధంగా దొరికాయి కానీ ఫిల్టరింగ్‌వి నేనే బైండ్‌జెన్‌కి పెట్టుకోవాల్సి వచ్చింది. నెట్‌వర్క్ డ్రైవర్ వెర్షన్ చెప్పే మ్యాక్రో ముందుగా ఇవ్వకపోతే ఆ హెడర్లు వందల తప్పులు కక్కుతాయి. లేయర్ల గుర్తింపు సంఖ్యలు మ్యాక్రోల్లో దాక్కుని ఉంటాయి, అవి రస్ట్ వైపు సరిగ్గా రాలేదు. చివరికి హెడర్ తెరిచి చూసి చేత్తో ఎక్కించుకున్నాను. ఒక అంకె తప్పు పడి గంటన్నర పోయింది, అది వేరే సంగతి.

డ్రైవర్ మొదలవగానే చేసే పనుల వరస ఇది. ముందు ఒక డివైస్ ఆబ్జెక్ట్ తయారు చేసుకుని, దాన్ని చూపించి మన కాలౌట్ ఫంక్షన్‌ని కెర్నెల్‌లో నమోదు చేయాలి. తర్వాత ఫిల్టర్ ఇంజన్ తెరిచి, ఒక ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, సబ్‌లేయర్, కాలౌట్, ఫిల్టర్ మూడూ చేర్చి, కమిట్ చేయాలి. ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్ బయటికి కనెక్ట్ అవ్వబోయినా విండోస్ మన ఫంక్షన్‌ని పిలిచి విలువలన్నీ చేతిలో పెడుతుంది. ఎక్కడికి, ఏ పోర్టు, ఏ ప్రోగ్రామ్.

ఆ విలువలు సీ పద్ధతిలో వస్తాయి. ఒక్కో విలువకీ ‘నేను ఫలానా రకం’ అని చెప్పే చీటీ, పక్కనే అసలు సరుకు. సీలో ఆ చీటీ చూడకుండా సరుకు తీసుకున్నా ఎవరూ అడగరు. ఐపీవీ4 అయితే చిరునామా అక్కడే ఒక సంఖ్యగా ఉంటుంది. ఐపీవీ6 అయితే అక్కడ ఉండేది చిరునామా కాదు, చిరునామా ఎక్కడుందో చెప్పే పాయింటర్. రెంటికీ ఒకే కోడ్ వాడితే పాయింటర్‌లో సగాన్ని చిరునామా అనుకుంటాం. నేను ఒకే ఒక చోట, ‘అన్‌సేఫ్’ అని రాసి ఉన్న ముప్పై లైన్లలో, చీటీ చూసి ఈ విలువలన్నిటినీ రస్ట్ ఈనమ్‌లోకి మార్చేశాను. అక్కడి నుంచి లోపలున్న కోడ్ అంతా కంపైలర్ కాపలాలో ఉంది. తప్పు జరిగితే ఎక్కడ వెతకాలో తెలుసు, ఆ ముప్పై లైన్లలో. సీలో అయితే మొత్తం ఫైలు అనుమానించాలి. ఈ మార్పు కోసమే రస్ట్ వాడొచ్చనిపించింది నాకు.

అయినా మూడు దెబ్బలు తిన్నాను. రస్ట్ ఆపలేనివి అవి.

మొదటిది. డ్రైవర్ ఆపేశాక ల్యాప్‌టాప్‌లో నెట్ మొత్తం పోయింది. డ్రైవర్ వెళ్లిపోయినా నేను పెట్టిన ఫిల్టర్ ఇంజన్‌లో మిగిలిపోయింది. అది ‘పెద్దమనిషిని అడుగు’ అంటోంది, పెద్దమనిషి ఊళ్లో లేడు. నిర్ణయం చెప్పాల్సిన కాలౌట్ కనబడకపోతే విండోస్ కనెక్షన్‌ని ఆపేస్తుంది. భద్రత వైపు నుంచి చూస్తే అదే సరైన నడవడి. రీబూట్ చేస్తే పోయింది. తర్వాత ఇంజన్‌ని డైనమిక్ సెషన్‌గా తెరిచాను, సెషన్ మూయగానే దాంతో పాటే ఫిల్టర్లూ పోతాయి.

రెండోది నీలం స్క్రీన్. రస్ట్‌లో ఒక వస్తువు పరిధి దాటగానే దాని ‘డ్రాప్’ దానంతట అదే నడుస్తుంది, శుభ్రం చేసి వెళ్తుంది. కాలౌట్ రద్దు చేసే పని ఆ డ్రాప్‌లో పెట్టి నిశ్చింతగా ఉన్నాను. కానీ ఆ వస్తువుని గ్లోబల్ స్టాటిక్‌లో దాచాను. స్టాటిక్‌లకి రస్ట్ డ్రాప్ నడపదు. పుస్తకంలో మొదటి రోజుల్లోనే చదివిన సంగతి, అవసరమైనప్పుడు గుర్తు రాలేదు. డ్రైవర్ మెమరీలోంచి వెళ్లిపోయింది, నమోదు మాత్రం అలాగే ఉంది, తర్వాతి కనెక్షన్ లేని ఫంక్షన్‌లోకి దూకింది. మా అబ్బాయి పక్కనే కూర్చున్నాడు. ‘‘ఇది నీ కోడేనా అమ్మా?’’ అన్నాడు చాలా మర్యాదగా.

మూడోది ఇంకా సూక్ష్మం. మన ఫంక్షన్‌ని కెర్నెల్ కొన్నిసార్లు ఎంత తొందరలో పిలుస్తుందంటే, అప్పుడు ఎదురుచూడటం, డిస్కులోకి వెళ్లి ఉండే అవకాశమున్న మెమరీని తాకడం నిషిద్ధం. ఐఆర్‌క్యూఎల్ అంటారు దీన్ని. రస్ట్ కంపైలర్‌కి ఇది తెలీదు. చూడటానికి ముచ్చటగా ఉన్న సేఫ్ కోడ్ కూడా ఇక్కడ యంత్రాన్ని కూల్చగలదు. కాబట్టి ఫంక్షన్‌లో లాగ్ రాయడం మానేసి, ముందే కేటాయించుకున్న పేజ్ కాని మెమరీలో చిన్న రికార్డు పడేసి, మిగతా పని ఒక వేరే థ్రెడ్‌కి వదిలేశాను.

ఇక సంతకం. అసలు మావాడి ప్రశ్న ఇదే కదా.

64 బిట్ విండోస్‌లో సంతకం లేని డ్రైవర్ కెర్నెల్‌లోకి రాదు. విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి నియమం ఇంకా బిగించారు. కొత్త డ్రైవర్ ఏదైనా మైక్రోసాఫ్ట్ హార్డ్‌వేర్ పోర్టల్‌కి వెళ్లి అక్కడి సంతకం తెచ్చుకోవాలి. రాసేవాళ్లు పరీక్షించుకోవాలి కాబట్టి టెస్ట్ సైనింగ్ అనే పక్కదారి ఉంచారు. పవర్‌షెల్‌లో ఒక కమాండ్‌తో కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ మనమే తయారు చేసుకోవచ్చు. సైన్‌టూల్‌తో షా256 వాడి డ్రైవర్ ఫైలుకి ఆ సంతకం పెట్టాలి. ఇన్‌స్టాల్ ప్యాకేజీ చేస్తే క్యాటలాగ్ ఫైలు తయారుచేసి దానికీ పెట్టాలి, పరీక్ష యంత్రంలో ఆ సర్టిఫికెట్‌ని నమ్మదగిన జాబితాల్లో చేర్చాలి. ఆ యంత్రంలో బీసీడీఎడిట్‌తో టెస్ట్ సైనింగ్ ఆన్ చేసి రీస్టార్ట్ చేయాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ కమాండ్ పనిచేయదు, ఈ విలువ సెక్యూర్ బూట్ రక్షణలో ఉందని చెప్పి తిప్పి పంపుతుంది. మావాడికి బయోస్ పాస్‌వర్డ్ కావాల్సి వచ్చింది అందుకే.

సెక్యూర్ బూట్ ఆపగానే పాత ల్యాప్‌టాప్ బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. నా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంది కాబట్టి సరిపోయింది. ముందుగా బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా నిలిపి ఉంచితే ఈ బాధ ఉండదు, నేను మర్చిపోయాను. వీడియోలు చూసి ఈ పని చేసే పిల్లలెవరికీ ఆ అంకెలు ఎక్కడున్నాయో తెలియదు. అవి లేకపోతే డిస్కులోని పెళ్లి ఫొటోల దగ్గర్నుంచి అన్నీ తాళం వెనక ఉండిపోయినట్టే.

సంతకం పెట్టకుండా ఎక్కించబోతే 577 అనే ఎర్రర్ వచ్చింది, డిజిటల్ సంతకం ధ్రువపరచలేకపోతున్నానని. సంతకం పెట్టి ఎక్కిస్తే నడిచింది. స్క్రీన్ కింద కుడి మూల ‘టెస్ట్ మోడ్’ అని చిన్న అక్షరాలు. ఏ ప్రోగ్రామూ తెరవకుండా వదిలేసినా లాగ్‌లో వరసలు పడుతూనే ఉన్నాయి. ప్రింటర్ సాఫ్ట్‌వేర్, ఎప్పుడో ఎక్కించి మర్చిపోయిన గేమ్ లాంచర్, అప్‌డేట్ అడిగేవాళ్లు. మావాడు అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

‘‘బాగుంది. కానీ నీ సర్టిఫికెట్‌ని నువ్వే నమ్మదగినదని చేర్చావు కాబట్టే కదా ఒప్పుకుంది? వేరేవాళ్లది ఒప్పుకోదుగా’’ అన్నాడు. మంచి ప్రశ్న. ఐటీలో ఉన్న నా స్నేహితులు కూడా కొందరు అలాగే అనుకుంటారు.

ఫ్రిజ్‌లో ముందురోజు ఇడ్లీలున్నాయి. అప్పటికప్పుడు ‘నిన్నటి ఇడ్లీ’ అనే పేరుతో ఇంకో సర్టిఫికెట్ తయారు చేశాను. దాన్ని ఆ ల్యాప్‌టాప్‌లో ఏ జాబితాలోనూ చేర్చలేదు. డ్రైవర్‌లో చిన్న మార్పు చేసి, బ్రౌజర్ నుంచి వెళ్లే కనెక్షన్లన్నీ ఆపేలా పెట్టి, ఇడ్లీ సంతకంతో ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఎక్కించాను. ఏ హెచ్చరికా లేదు. ఏ ప్రశ్నా లేదు. ఎక్కింది, నడిచింది. బ్రౌజర్‌లో ఒక్క పేజీ తెరుచుకోలేదు. ‘‘ఎవరు ఆపుతున్నారో టాస్క్ మేనేజర్‌లో వెతుకు’’ అన్నాను. వాడు పైకీ కిందకీ వెతికాడు. డ్రైవర్ ప్రాసెస్ కాదు, ఆ జాబితాలో కనబడదు.

టెస్ట్ మోడ్ అర్థం ఇదే. ‘మా అమ్మ సంతకాన్ని నమ్ము’ అని కాదు, ‘ఎవరి సంతకమైనా సరే, ఏదో ఒకటి ఉంటే చాలు’ అని. కెర్నెల్ ఆ సర్టిఫికెట్ ఎక్కడిదో, ఎవరి దాకా వెళ్తుందో చూడదు. మైక్రోసాఫ్ట్ డ్రైవర్ డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగానే ఉంది. ఆట కోసం ఆ టూల్ ఎక్కించడానికి తెరిచిన తలుపు ఆ టూల్ ఒక్కదానికే తెరుచుకోదు. అడ్మినిస్ట్రేటర్ అనుమతి సంపాదించిన ఏ ప్రోగ్రామైనా తన డ్రైవర్‌ని ఆ తలుపులోంచే తోసేయొచ్చు, ఆ నెల తర్వాతైనా, ఏడాది తర్వాతైనా. ఇంకో విడ్డూరం, చాలా ఆన్‌లైన్ ఆటల యాంటీ చీట్ వ్యవస్థలు టెస్ట్ మోడ్ కనబడితే ఆటనే తెరవవు. కొన్ని ఆటలకి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి తీరాలి.

మరి అసలైన సంతకం ఉంటే నిశ్చింతగా ఉండొచ్చా? అదీ కాదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ డ్రైవర్లు రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల నుంచి దొంగిలించిన సర్టిఫికెట్లతో సంతకం చేసినవి. 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 ఆటతో వచ్చిన క్యాప్‌కామ్ డ్రైవర్‌కి సక్రమమైన సంతకమే ఉంది, కానీ ఏ ప్రోగ్రామ్ అడిగినా దాని కోడ్‌ని కెర్నెల్‌లో నడిపిపెట్టేంత అమాయకంగా రాశారు. కంపెనీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ సంతకంలోనూ ఏ లోపం లేదు. సంతకం చెప్పేది ఒక్కటే, ఇది ఫలానా వాళ్లు ఇచ్చారు, దారిలో ఎవరూ మార్చలేదు అని. రేపు గొడవైతే ఎవరి తలుపు కొట్టాలో తెలుస్తుంది. ఇడ్లీ తలుపు ఎక్కడుందో ఎవరికి తెలుసు?

నా డ్రైవర్‌ని నలుగురికి ఇవ్వాలంటే ఏం చేయాలో కూడా మావాడు అడిగాడు. నమోదైన వ్యాపార సంస్థ ఉండాలి, ఈవీ రకం కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనాలి. దాని రహస్య తాళం హార్డ్‌వేర్ టోకెన్‌లాంటి భద్రమైన పరికరంలోనే ఉండాలన్న నియమం 2023 జూన్ నుంచి మామూలు కోడ్ సైనింగ్ సర్టిఫికెట్లకి కూడా వచ్చింది. దాంతో మైక్రోసాఫ్ట్ పోర్టల్‌లో ఖాతా తెరిచి డ్రైవర్ పంపాలి. సరదాకి రాసేవాళ్లకి ఇది అందే పని కాదు. అది మంచిదా చెడ్డదా అంటే నాకు రెండు మనసులున్నాయి. ఒంటరిగా నేర్చుకునే పిల్లలకి దారి ఇరుకైంది నిజమే. పరీక్షించుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. విండోస్ ప్రో ఉంటే హైపర్ వీలో ఒక వర్చువల్ మెషీన్ చేసుకుని, దానికి మాత్రమే సెక్యూర్ బూట్ తీసేసి, ముందే ఒక చెక్‌పాయింట్ పెట్టుకుంటే ఎన్ని నీలం స్క్రీన్లొచ్చినా ఒక్క నిమిషంలో వెనక్కి రావొచ్చు. నేనూ అదే చేసేదాన్ని, మావాడికి నిజం ల్యాప్‌టాప్ మీద చూపించాలని మాటిచ్చాను కాబట్టి ఆగాను.

మీ ఇంట్లో కంప్యూటర్ చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, ఈసారి నిజంగానే రెండు నిమిషాలు. డెస్క్‌టాప్ కింద కుడి మూల ‘టెస్ట్ మోడ్’ అని ఉందేమో చూడండి. స్టార్ట్ మెనూలో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ అని వెతికి తెరిస్తే మొదటి పేజీలోనే సెక్యూర్ బూట్ స్టేట్ అనే వరస ఉంటుంది, అక్కడ ఆన్ అని ఉండాలి. ఆ మూల అక్షరాలు కనబడకుండా దాచే ఉపాయాలు కూడా పిల్లలకి తెలుసు. అందుకే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బీసీడీఎడిట్ అని ఒక్క మాట కొట్టి చూడండి. టెస్ట్ సైనింగ్ అనే వరసలో ‘ఎస్’ అని ఉంటే ఎవరో ఆన్ చేశారన్నమాట. అదే కమాండ్‌తో ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేయండి. ఆ మధ్యకాలంలో ఏమేం ఎక్కాయో తేల్చుకోలేకపోతే ఫైళ్లు దాచుకుని విండోస్ కొత్తగా వేసుకోవడమే మంచిది. బిట్‌లాకర్ కీ మాత్రం ఈ రోజే వెతికి కాగితం మీద రాసి పెట్టుకోండి. అది దాచిన మైక్రోసాఫ్ట్ ఖాతా మీదా, పిల్లలదా, లేక ఊరెళ్లిపోయిన పాత హౌస్‌మేట్‌దా అన్నది కూడా చూసుకోండి.

మా అబ్బాయి మళ్లీ బయోస్ పాస్‌వర్డ్ అడగలేదు. పాత ల్యాప్‌టాప్ మాత్రం తీసుకున్నాడు, అందులో మా ఇంటి కాగితం ఒక్కటీ లేదు. నా డ్రైవర్‌కి ఐపీవీ6 లేయర్ ఇంకా చేర్చలేదు. లాగ్‌ని అందంగా చూపించే యూజర్ మోడ్ ప్రోగ్రామ్ తను రస్ట్‌లో రాస్తానన్నాడు. మూడు రోజులుగా బారో చెకర్‌తో తగువు పెట్టుకుని కూర్చున్నాడు. గొడవ ఎవరిదో అడిగితే కంపైలర్‌దే తప్పంటున్నాడు.